రేషన్ అనే మా పుంజు

మావాళ్ళకి అన్నం తింటేనే తిన్నట్టు. మిగతాది ఏం తిన్నా, ఎంత తిన్నా, అది కడుపుని కాసేపు మాటల్లో పెట్టడమే. యుద్ధానికి భయపడి సరిహద్దు దాటి గినీ దేశపు శిబిరంలో తలదాచుకున్నన్నేళ్ళూ రేషన్ ఇచ్చేవాళ్ళకి ఈ సంగతి ఎక్కనే లేదు. ఒకసారి కొత్తగా కొలువులో చేరిన పిల్ల ఒకతె గుడారం గుడారం తిరుగుతూ "ఇవాళ తిన్నారా అమ్మా?" అని అడిగింది. నేను అప్పుడే రెండు పళ్ళేల ముతక గోధుమ రవ్వ తిని, త్రేన్చి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. "లేదమ్మా, తినలేదు" అన్నాను. పక్కనే నా సవతి జెబ్బె మూతి తుడుచుకుంటూ "నేనూ తినలేదు తల్లీ" అంది. ఆ పిల్లకి కళ్ళనీళ్ళు తిరిగాయి. మర్నాడు మా గుడారాల వరస మొత్తానికి అదనంగా ఇంకో బస్తా దింపారు. ఏం బస్తా? గోధుమ రవ్వే.

మేము అబద్ధం ఆడామని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అన్నం తినలేదు, కాబట్టి తినలేదు.

ఆ రవ్వని నేను తిట్టని తిట్టు లేదు. ఉడకబెడితే ఇసుక, ఎక్కువ ఉడకబెడితే బంక. ఎర్ర పామాయిల్ పోసినా, కర్రపెండలం ఆకు నూరి కలిపినా, అది మాత్రం తన బుద్ధి మార్చుకోదు. అయినా దాన్నే తిన్నాం, దాన్నే పిల్లలకి పెట్టాం, దాని మీదే బతికాం. తిట్టుకుంటూ తిన్నది ఒంటికి పట్టదంటారు గానీ, జెబ్బె నడుము చూస్తే ఆ మాట తప్పని తెలుస్తుంది.

యుద్ధం అయిపోయిందని, ఇళ్ళకి వెళ్ళొచ్చని చెప్పి మమ్మల్ని లారీలెక్కించారు. లారీలో కోళ్ళనీ మేకలనీ ఎక్కించకూడదని చెప్పారు. నాకున్నది ఒక్క పుంజు. రవ్వ బస్తాలు పేర్చిన రేకుల షెడ్డు వెనక గుడ్డులోంచి బయటికొచ్చిన ప్రాణి అది. ఎర్రటి ఒళ్ళు, ఇంతేసి తోక, పొగరంతా మెడలోనే. దానికి రేషన్ అని పేరు పెట్టుకున్నాను. దాన్ని వదిలి ఎలా వస్తాను? కాళ్ళు కట్టేసి, పాత గుడ్డలో చుట్టి, చంటిపిల్లని కట్టుకున్నట్టు వీపుకి కట్టుకుని ఎక్కేశాను. సరిహద్దు దాటేదాకా బుద్ధిగానే ఉంది. వంతెన మీదికి రాగానే గొంతెత్తి ఒక్క కూత కూసింది. డ్రైవర్ కొరోమా లారీ ఆపి వెనక్కి తిరిగాడు.

"ఏంటమ్మా ఆ చప్పుడు?"

"పిల్లకి కోరింత దగ్గు బాబూ" అన్నాను.

లారీలో ఉన్నవాళ్ళందరూ ఒకేసారి దగ్గడం మొదలెట్టారు. మా ఊరివాళ్ళని నేను ఎన్ని అన్నా, ఇలాంటి వేళ మాత్రం బంగారం. కొరోమా మా మొహాలు చూసి, నా వీపు చూసి, లారీ కదిలించాడు.

మా ఊరు న్యాండెహున్. ఊరంటే, కప్పుల్లేని గోడలూ గోడల మధ్య మొలిచిన గడ్డీ. ఇంటికొక పార, ఒక విత్తన వడ్ల బస్తా ఇచ్చారు. ఆ వడ్లు తినేస్తామేమోనని పంట చేతికొచ్చేదాకా తినడానికి వేరే తిండి ఇచ్చారు. అదే రవ్వ. ఒక పక్క వడ్లు, ఒక పక్క రవ్వ. వడ్లు ముట్టుకోకుండా రవ్వ తినాలి. ఇలాంటి శిక్ష మా శత్రువులకి కూడా రాలేదు. నేను వడ్ల బస్తా తలకింద పెట్టుకుని పడుకునేదాన్ని. పొద్దున లేచేసరికి జెబ్బె ముక్కు ఆ బస్తాకి ఆనించి ఉండేది. "వాసన చూస్తున్నానంతే అక్కా" అనేది. మా ఆయన శిబిరంలో పోయాక మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఒకరినొకరు కాపలా కాసుకోవడమే మా కాపరం.

లారీలు వెళ్ళిపోయాక, నా తమ్ముడు లహాయ్ కాలినడకన వచ్చాడు. యుద్ధంలో తుపాకులవాళ్ళు మా ఊరి మీద పడ్డ రోజు వాణ్ణీ, మా మేనమామ కొడుకు బ్రిమానీ మూటలు మోయడానికి పట్టుకుపోయారు. అప్పటినుంచి ఇద్దరి జాడా లేదు. ఇన్నేళ్ళకి వాడు ఎముకలగూడులా నా ముందు నిలబడి "అక్కా" అంటే, నేను ముందు వాణ్ణి కొట్టాను, తర్వాత ఏడ్చాను. ఏది ముందు చెయ్యాలో నాకెప్పుడూ తెలీదు.

బ్రిమా రాలేదు.

మా మేనమామ వాండి. అమ్మ తమ్ముడు. మాలో మేనమామ మాట తండ్రి మాటకన్నా మిన్న. ఆయన తలమీద చెయ్యి పెట్టి దీవిస్తేనే మేనల్లుడి విత్తనం మొలుస్తుంది. ఆయన మనసు విరిగితే కలుపు కూడా మొలవదు. వాండి మామ లహాయ్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాడు.

"నా కొడుకేడిరా?"

"నది దాకా ఇద్దరం కలిసే ఉన్నాం మామా. అక్కడ మమ్మల్ని విడదీశారు. తర్వాత నాకు తెలీదు."

"పోయాడా?"

"తెలీదు మామా."

మామ ఆ మాట మళ్ళీ మళ్ళీ అడిగాడు. వాడు మళ్ళీ మళ్ళీ అదే చెప్పాడు. చివరికి మామ లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచి లహాయ్ మర్యాదకి పెద్దవాళ్ళకిచ్చే కోలా కాయ ఇస్తే మామ తీసుకోడు, పలకరిస్తే చెట్లకేసి చూస్తాడు. వాడు ఏదో దాస్తున్నాడని మామ అనుమానం. తిన్నగా చంపాడని అనడు. అనకపోవడం ఇంకా ఘోరం.

లహాయ్ నాతో ఒకటే మాట అన్నాడు. "అక్కా, మామ చెయ్యి పెట్టకపోతే నేను విత్తను. విత్తకుండా ఈ ఊళ్ళో కూర్చుని ఏం చెయ్యను? రవ్వ దింపడానికి మళ్ళీ లారీ వస్తుందిగా. తిరిగెళ్ళేప్పుడు అందులో ఎక్కేస్తా."

"ఎక్కడికెళ్తావురా?"

"లారీ ఎక్కడికెళ్తే అక్కడికి."

దొరక్క దొరక్క దొరికిన తమ్ముణ్ణి లారీ ఎక్కించి పంపేదాన్నా నేను? తిన్నగా మామ దగ్గరికెళ్ళి కాళ్ళ ముందు కూలబడ్డాను. బతిమాలాను, ఏడ్చాను, ఆయన చిన్నప్పుడు మా అమ్మ ఎత్తుకు పెంచిన సంగతి గుర్తుచేశాను.

"ఎలాగూ విత్తే ముందు పెద్దలకి పెట్టాలి కదా" అన్నాడు చివరికి. "వాడి చేతుల మీదుగానే పెట్టిద్దాం. కోడి పొడిస్తే ఉంటాడు. పొడవకపోతే, వాడి కడుపులో ఏదో ఉన్నట్టే."

పెద్దలంటే మా చచ్చిపోయినవాళ్ళు. వాళ్ళ భోజనం కాకుండా మా ఊళ్ళో ఒక్క గింజ నేలలో పడదు. విత్తనాల్లోంచి గుప్పెడు దంచి, ఆ బియ్యం అరచేతిలో పెట్టుకుని కోడి ముందు చాపాలి. కోడి పొడిచిందంటే పెద్దలు ఒప్పుకున్నట్టు. మనసులో ఏదైనా దాచుకున్నవాడి చేతిలోంచి కోడి పొడవదు. పొడిచిన కోడిని ఆ తర్వాత కూర వండుతారు. కోడికి ఇందులో పెద్ద లాభం లేదు.

ఊరంతా వెతికినా కోడి ఒక్కటే. నాది. తుపాకులవాళ్ళు ఊళ్ళో ఈకలు కూడా మిగల్చలేదు.

"నీ రేషన్‌ని ఇచ్చేస్తావా అక్కా?" అని జెబ్బె నవ్వుతూ అడిగింది. కూర ఆలోచనకే దాని నోరు ఊరుతోంది.

పుంజుకన్నా తమ్ముడు ముఖ్యం. కాస్త ఆలోచించాకే ఈ మాట అంటున్నాను.

రవ్వ లారీ వచ్చే రోజు పొద్దున్నే ఊరంతా పెద్దలకి భోజనం పెట్టే రాయి దగ్గర చేరాం. ఊరి పెద్ద వచ్చాడు, ఇమాం గారు వచ్చారు, పాస్టరు గారు వచ్చారు. ఇలాంటివి తప్పని వాళ్ళిద్దరూ వేరువేరుగా బోధిస్తారు, రావడం మాత్రం కలిసే వస్తారు. మా అందరికన్నా పెద్దది యేమా అవ్వ. పళ్ళు లేవు, చూపు సగమే ఉంది, నోరు మాత్రం నిండుగా ఉంది. ఆవిడ చాప మీద కూర్చుని గిన్నెలో చద్ది రవ్వ చప్పరిస్తోంది. లహాయ్ ఉతికిన చొక్కా వేసుకుని, అరచేతిలో తెల్లటి బియ్యం పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ బియ్యం చూడగానే ఊరంతా గుటక వేసింది. ఇమాం గారి గొంతు కదలడం నేను కళ్ళారా చూశాను.

నేను రేషన్‌ని దింపాను. అది నడిచి వెళ్ళింది. బియ్యం చూసింది. తల ఇటు వాల్చి చూసింది, అటు వాల్చి చూసింది. లహాయ్ చొక్కా గుండీ టక్కున పొడిచింది.

ఊరంతా ముక్కున వేలేసుకుంది.

"చొక్కా అడుగుతున్నారు" అన్నాడు ఊరి పెద్ద. "పెద్దలకి చొక్కా కావాలి."

లహాయ్ చొక్కా విప్పాడు. పుంజు ఈసారి చెప్పుని పొడిచింది. చెప్పులు కూడా విప్పాడు. పుంజు లాగు చుట్టూ తిరగడం మొదలెట్టింది.

"ఇంక ఇక్కడితో ఆపండి" అన్నారు పాస్టరు గారు.

"ఆకలి లేదేమో, కాసేపు ఆగండి" అన్నాను నేను. దానికి ముందురోజునుంచి ఏమీ పెట్టలేదని నాకు తెలుసు. రేషన్ ఆకలితో అటూ ఇటూ పరుగెడుతోంది, గడ్డి పొడుస్తోంది, రాయి పొడుస్తోంది, మాటిమాటికీ యేమా అవ్వ గిన్నె వైపు దూకుతోంది. అవ్వ కర్రతో అదిలిస్తోంది. బియ్యం జోలికి మాత్రం పోదు.

వాండి మామ లేచాడు. మొహంలో కోపం లేదు. అదే చూసి నాకు భయం వేసింది. "చూశారుగా" అన్నాడు. అంతే.

లహాయ్ బియ్యం జాగ్రత్తగా ఆకులో పోసి చొక్కా చేతిలోకి తీసుకున్నాడు. దూరంగా, ఊరి మొదట్లో లారీ హారను వినిపించింది.

ఇంక నా నోరు ఊరుకోలేదు. "ఆగు మామా. వాడు పట్టుకున్నాడు, పొడవలేదు. బాగుంది. నువ్వు పట్టు చూద్దాం."

"బైందూ, ఏం మాటలే అవి?"

"నీ కడుపులో ఏమీ లేదుగా? పట్టు మరి."

అందరూ చూస్తుంటే మామకి తప్పలేదు. ఆకులోంచి బియ్యం అరచేతిలోకి తీసుకుని వంగాడు. రేషన్ వచ్చింది, చూసింది, వెనక్కి తిరిగి తోక పైకెత్తి మామ పాదం మీద రెట్ట వేసి పోయింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో ఏమిటి, జెబ్బె. "నవ్వుతున్నావా? రా, నువ్వు పట్టు" అన్నాడు మామ. జెబ్బె మొహం మాడిపోయింది. పుంజు జెబ్బె చేతిని కూడా ముట్టలేదు. జెబ్బె ఒక్కసారిగా నేల మీద చతికిలబడి గొల్లుమంది.

"అక్కా, నన్ను క్షమించు. నేను బస్తా వాసన మాత్రమే చూడలేదు. అడుగున చిన్న చిల్లు పెట్టాను. అప్పుడప్పుడూ రెండు గింజలు నములుతున్నాను."

"రెండా?"

"పిడికెడు."

"చేతిలో ఇంకా బియ్యం ఉన్నాయి, అబద్ధం ఆడకు" అన్నాను.

"రెండు పిడికిళ్ళు" అంది.

దాని జుట్టు పట్టుకునేదాన్నే గానీ, అప్పటికే ఊరి పెద్ద ముందుకొచ్చాడు. పెద్దమనిషి ఎలాగూ తన చేతిలోంచి పొడుస్తుందన్న ధీమాతో నవ్వుతూ చాపాడు. పొడవలేదు. నవ్వు అలాగే మొహం మీద గడ్డకట్టింది. ఇమాం గారు ప్రార్థన చదివి చాపారు. పొడవలేదు. ఎవరూ అడక్కుండానే, శిబిరంలో తన దగ్గర రెండు రేషన్ కార్డులు ఉండేవని చెప్పేశారు. రెండోది ఎవరి పేరు మీద అని జనం అడిగారు.

"నా చిన్న భార్య పేరు మీద."

"నీకు చిన్న భార్య ఎక్కడుంది సామీ?"

"లేదు. మా మేక ఉండేది."

జనం పొట్టలు పట్టుకుని నేల మీద పడ్డారు. పాస్టరు గారు అందరికన్నా గట్టిగా నవ్వారు. "నువ్వు పట్టు మరి" అన్నారు ఇమాం గారు. పాస్టరు గారి చేతిని కూడా పుంజు కాదంది. ఆయన చాలాసేపు ఆకాశం చూసి, ఆ మేకకి కార్డు రాయించింది తానేనని, అందులో సగం రవ్వ తన వాటా అని ఒప్పుకున్నారు.

అంతే, కట్ట తెగింది. వరసపెట్టి జనం వచ్చారు. చేతులు చాపడం, పుంజు మొహం తిప్పుకోవడం, ఆ మనిషి ఏదో ఒకటి బయటపెట్టడం. ఒకడు పక్కింటి పార పిడి మార్చాడట. ఒకావిడ అత్తగారికి నీళ్ళ పులుసు పోసి, చేపముక్క తను తిందట. లారీ దిగి వచ్చిన కొరోమా ఏమిటీ సంబరమని అడిగి, తనూ సరదాగా చెయ్యి చాపాడు. పుంజు వాడినీ కాదనేసరికి బెదిరిపోయి, దారిలో అమ్ముకుందామని రెండు నూనె డబ్బాలు సీటు కింద దాచానని చెప్పి, వెళ్ళి తెచ్చి మా ముందు పెట్టాడు. "ఇదేనా అమ్మా నీ కోరింత దగ్గు పిల్ల?" అని నన్ను అడిగి, దండం పెట్టి పక్కన కూర్చున్నాడు.

చివరికి ఎవరో ఒక చంటిపిల్ల అరచేతిలో నాలుగు గింజలు పెట్టారు. పాలు తాగడం తప్ప ఏమీ ఎరగని పిల్ల. పుంజు ఆ పిల్ల చెయ్యి కూడా ముట్టలేదు.

అప్పుడు నవ్వులు ఆగాయి. అందరూ ఆ పిల్లని చూశారు. ఆ తల్లి పిల్లని కొంగుకింద దాచేసుకుంది. పెద్దలు మమ్మల్ని అందరినీ వద్దనుకున్నారా? ఊరు ఊరంతా తప్పు చేసిందా? వదిలి పారిపోయినందుకు కోపమా?

అదే సమయంలో, చప్పరించి చప్పరించి విసుగెత్తిన యేమా అవ్వ గిన్నె పక్కన పెట్టింది. రేషన్ ఎగిరి గిన్నెలో దూకింది. కాళ్ళతో సహా లోపల నిలబడి, తల ఎత్తకుండా, టకటకా టకటకా తిన్నది. అవ్వకి నవ్వు మొదలైంది. పళ్ళులేని నవ్వు, ఆగితే కదా. నవ్వుతూనే కర్ర పెట్టి నేల మీద కొట్టింది.

"ఒరేయ్ మీ బుర్రలు కాల్చా. ఇది పుట్టిందెక్కడ? రవ్వ బస్తాల వెనక. తిన్నదేంటి? రవ్వ. దీని జన్మలో బియ్యం ఎప్పుడు చూసింది? మీ చేతుల్లో తప్పులు చూస్తోందనుకుంటున్నారు, అది గులకరాళ్ళు చూస్తోంది."

ఆ తర్వాత పుట్టిన గోల ఇంతా అంతా కాదు. ఇమాం గారు తన మేక మాట వెనక్కి తీసుకుంటానన్నారు. కొరోమా నూనె డబ్బాల కోసం లేచాడు, నలుగురు ఆడవాళ్ళు వాటి మీద కూర్చున్నారు. జెబ్బె నా వైపు చూసి "చిల్లు మాట కూడా మర్చిపోదామా అక్కా" అంది. నేను మర్చిపోలేదు.

"అయితే రవ్వ పెట్టండి వాడి చేతిలో" అంది అవ్వ.

వాండి మామ అడ్డం నిలబడ్డాడు. "పెద్దలకి రవ్వా? అది తిండి కాదని మనమే అంటాం కదా. మనం తిననిదాన్ని వాళ్ళ మొహాన కొడతామా?"

"వాండీ, ఇటు చూడు. శిబిరంలో కూడు తినేముందు మొదటి పిడికెడు పెద్దల పేర నేల మీద వేశావా, లేదా?"

మామ తల దించుకున్నాడు. "వేశాను."

"ఏం వేశావు?"

"రవ్వే."

నేను ఉలిక్కిపడ్డాను. నేనూ వేసేదాన్ని. సిగ్గుతో, ఎవరూ చూడకుండా, గుడారం వెనక. మా అమ్మకి ఇంత రవ్వ వేసి, తిట్టకే అమ్మా, ఇదే ఉంది అని చెప్పుకునేదాన్ని. చుట్టూ చూశాను. జెబ్బె కళ్ళు దించుకుంది. ఊరి పెద్ద కళ్ళు దించుకున్నాడు. పాస్టరు గారూ దించుకున్నారు. ఎవరికి వాళ్ళు తామొక్కరే ఆ పని చేశామనుకున్నట్టున్నారు.

"ఎవరైనా లేచొచ్చి వద్దన్నారా?" అంది అవ్వ. "మీతోపాటు వాళ్ళూ శిబిరంలో కూర్చున్నారు. మీరు తిన్నదే తిన్నారు. ఇప్పుడు కొత్తగా ఏం బెట్టు చేస్తారు?"

మామ పక్కకి తప్పుకున్నాడు.

ఆకలితో ఉన్న పుంజు చిరుతపులి చేతిలో పెట్టినా రవ్వ పొడుస్తుందని నాకు తెలుసు. ఇదేం పరీక్ష అని జెబ్బె నోరు తెరవబోతుంటే తొడ మీద గట్టిగా గిల్లాను. చిల్లుకి అది బాకీ. పుట్టి బుద్ధెరిగాక నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.

లహాయ్ చెయ్యి చాపాడు. రేషన్ మీదపడింది. ఎంత జోరుగా పొడిచిందంటే వాడు "అబ్బా అబ్బా" అంటూ చెయ్యి లాక్కోబోయాడు, అది చేతితోపాటే వేలాడింది. ఊరంతా అరిచింది, ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు, కొరోమా లారీ హారను మోగించాడు. లహాయ్ నవ్వాడు. వచ్చాక నేను విన్న మొదటి నవ్వు. చిన్నప్పటిలాగే ముక్కుతో నవ్వుతాడు వెధవ.

కోడి పొడిచాక, పొడిపించుకున్నవాడే చనిపోయినవాళ్ళ పేర్లు చెప్పాలి. ఒక్కో పేరుకీ ఇంత చిటికెడు నేల మీద వెయ్యాలి. లహాయ్ తాతల పేర్లు చెప్పాడు, మా అమ్మ పేరు చెప్పాడు. తర్వాత కాస్త ఆగి, తనతోపాటు పట్టుకుపోయినవాళ్ళ పేర్లు మొదలెట్టాడు. తను చూస్తుండగా పోయినవాళ్ళవి. ఒక్కో పేరుకీ గుంపులో ఎక్కడో ఒకరు కూలబడ్డారు. పక్కనున్నవాళ్ళు పట్టుకున్నారు. పాట ఆగలేదు, సన్నగా సాగుతూనే ఉంది. వాడు చివరి చిటికెడు వేసి చెయ్యి దులుపుకున్నాడు.

"ఇంకో పేరుంది" అన్నాడు వాండి మామ.

"లేదు మామా."

"బ్రిమా పేరు చెప్పు. నాకు తెలుసురా. శిబిరంలో రోజూ వాడికి వేస్తూనే ఉన్నాను. నాలుగు మెతుకులు వాడి పేర వెయ్యి. వేస్తే నీ తల మీద చెయ్యి పెడతాను. ఇప్పుడే పెడతాను."

లారీ అక్కడే నిలబడి ఉంది. చెప్పరా, ఒక్క పేరు, చెప్పేసి ఉండిపోరా అని లోపల్లోపల అరుస్తున్నాను.

లహాయ్ తల అడ్డంగా ఊపాడు. "నేను చూసినవాళ్ళ పేర్లే చెప్పాను మామా. వాడు అవతలి ఒడ్డున నడిచి వెళ్తుండగా చూశాను. మూట తల మీదుంది, నా వైపు తిరిగి చెయ్యి ఊపాడు. అంతే నాకు తెలిసింది. బతికున్నవాడికి నేల మీద ఎలా పెట్టను? నువ్వు వెళ్ళిపొమ్మంటే వెళ్తాను గానీ, ఆ పని చెయ్యను. నువ్వూ పెట్టకు మామా."

మామ ఇద్దరి మధ్యా ఉన్న ఆ రెండడుగులూ నడిచొచ్చి, చెయ్యి వాడి తల మీద పెట్టాడు. దీవెన మాటలు నోట్లోంచి రాలేదు. చెయ్యి మాత్రం తియ్యలేదు. లహాయ్ మెడ వంగిపోయేదాకా అలాగే ఉంచాడు. నేను ఏడ్చాను. జెబ్బె కూడా ఏడ్చింది, కాకపోతే అది తొడ నొప్పికేమో.

లారీ సాయంత్రం ఖాళీగా వెళ్ళింది. కొరోమా కూడా భోజనం అయ్యేదాకా కదల్లేదు. రేషన్‌ని నేనే కోశాను, ఇంకెవరి చేతా కోయించలేదు. ఆ కాస్త బియ్యమూ, కాస్త పులుసూ, మిగతాదంతా రవ్వ. మనిషికి నాలుగు మెతుకులు కూడా రాలేదు. అయినా ఆ పూట ఎవరు అడిగినా తిన్నామనే చెప్పాం.

వాండి మామకి పళ్ళెం పెట్టాను. అలవాటు ప్రకారం మొదటి పిడికెడు తీసి చెయ్యి నేల వైపు చాపాడు. చాపి ఆగాడు. పిడికెడు తిరిగి పళ్ళెంలో పెట్టేశాడు.

"బైందూ, ఒక గిన్నె తియ్యి. మూతున్నది."

"ఎవరికి మామా?" అన్నాను, తెలిసీ.

"ఆలస్యంగా వచ్చేవాడికి. చీమలు పట్టకుండా పైన పెట్టు."

నేను గిన్నెలో రవ్వ పెట్టాను. మామ తన పళ్ళెంలోని మెతుకులు ఏరి దాని మీద వేశాడు. మూత పెట్టబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కాలు ముక్క వెయ్యి. లేకపోతే అలుగుతాడు."